హైడెల్‌బర్గ్ ఎంత దూరం?

జర్మనీ నైరుతి భాగంలో నెకార్ నది ఒడ్డున ఉన్న హైడెల్‌బర్గ్ నగరానికి ప్రయాణికుల విమానాశ్రయం లేదు. 1386లో స్థాపితమైన విశ్వవిద్యాలయం, 1962 నుంచి అందులో పనిచేస్తున్న దక్షిణాసియా అధ్యయన సంస్థ, జర్మన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం, ఐరోపా దేశాల ఉమ్మడి అణుజీవశాస్త్ర ప్రయోగశాల ఉన్న ఈ ఊరికి, పొరుగున వాల్‌డార్ఫ్‌లో ఉన్న సాప్ సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రధాన కార్యాలయానికి, చదువు కోసమో ఉద్యోగం కోసమో తెలుగువారు ఏటా వెళ్తూనే ఉన్నారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో సాప్ నేర్చుకున్న ఎందరికో వాల్‌డార్ఫ్ పేరు సొంత జిల్లా కేంద్రం పేరంత పరిచయం. అయితే వారిలో ఎవరు బయలుదేరినా విమానం దిగేది మాత్రం ఉత్తరాన దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. అందువల్ల హైదరాబాద్ నుంచి హైడెల్‌బర్గ్ ఎంత దూరం అన్న ప్రశ్నకు రెండు సమాధానాలు చెప్పుకోవలసి వస్తుంది: శంషాబాద్ రన్‌వే నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ రన్‌వేకు ఉన్న దూరం ఒకటి, ఇంటి గడప నుంచి ఇంటి గడపకు పట్టే కాలం మరొకటి. మొదటిది లెక్కకు లొంగుతుంది, ఏళ్ళు గడిచినా మారదు. రెండోది గాలిని బట్టి, రాజకీయాలను బట్టి, చట్టాలను బట్టి, రైళ్ళ వేళలను బట్టి మారుతూ ఉంటుంది. టికెట్ కొనేవారికి అసలు అక్కరకొచ్చేది ఈ రెండోదే అయినా, చాలామంది మొదటిదాన్నే చూసుకుని ప్రయాణం నిర్ణయించుకుంటారు.

ముందుగా లెక్కకు లొంగే దూరాన్ని చూడవచ్చు. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం భూమధ్యరేఖకు ఉత్తరాన 17 డిగ్రీల 14 నిమిషాల అక్షాంశం మీద, 78 డిగ్రీల 26 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం 50 డిగ్రీల 2 నిమిషాల అక్షాంశం మీద, 8 డిగ్రీల 34 నిమిషాల రేఖాంశం మీద ఉంది. భూమి ఉపరితలం మీద ఏ రెండు చోట్లనైనా కలిపే అతి చిన్న దారి, భూగోళాన్ని సరిగ్గా రెండు సమభాగాలుగా కోసే వృత్తంలో ఒక ముక్క అవుతుంది. దీన్ని మహావృత్తం అంటారు. బత్తాయి పండు మీద రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య దారాన్ని బిగలాగితే, దారం తనంత తానుగా ఆ దారినే పట్టుకుంటుంది. గోళ త్రికోణమితి సూత్రంలో పై నాలుగు అంకెలను వేస్తే ఈ రెండు విమానాశ్రయాలకూ మధ్య భూకేంద్రం దగ్గర ఏర్పడే కోణం దాదాపు సరిగ్గా 64 డిగ్రీలని తేలుతుంది. డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి ఒక నాటికల్ మైలు చొప్పున ఇది 3,840 నాటికల్ మైళ్ళు. నావికులూ విమాన చోదకులూ వాడే ఈ మైలు 1,852 మీటర్లకు సమానం, కాబట్టి కిలోమీటర్లలో ఇది 7,110 చిల్లర. భూమి సంపూర్ణ గోళం కాక ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉండటం వల్ల ఈ అంకె కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది గాని, సామాన్య పాఠకుడికి ఆ తేడాతో పని లేదు.

ఈ దారి ఎటు వెళ్తుందన్నది దాని పొడవు కంటే ఆసక్తికరమైన విషయం. గోడకు తగిలించిన ప్రపంచ పటంలో హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే అది ఏటవాలుగా వాయవ్యానికి పోయే తిన్నని గీతగా కనిపిస్తుంది. అలాంటి పటాలకు మూలం 1569లో గెరార్డస్ మెర్కేటర్ జర్మనీలోని డ్యూస్‌బర్గ్‌లో ఉండగా వేసిన పటం. ఓడ దిక్సూచిని ఒకే కోణంలో నిలిపి నడిపితే ఆ దారి తిన్నని గీతగా కనిపించాలని ఆయన అక్షాంశాలను ధ్రువాల వైపు పోయేకొద్దీ సాగదీశాడు. నావికుడికి ఎంతో మేలు చేసిన ఆ సాగతీత దూరాలను మాత్రం తప్పుగా చూపిస్తుంది. పటం మీది తిన్నని గీతను పట్టుకుని ఎగిరే విమానం మహావృత్తం మీద ఎగిరేదాని కంటే సుమారు 160 కిలోమీటర్లు ఎక్కువ తిరగవలసి వస్తుంది. మహావృత్తపు దారి పటం మీద ఉత్తరానికి ఉబ్బిన విల్లులా కనిపిస్తుంది. ఇందులో నమ్మశక్యం కానట్టుండే సంగతి ఒకటుంది: ఫ్రాంక్‌ఫర్ట్ కంటే హైదరాబాద్ 33 డిగ్రీలు దక్షిణాన ఉన్నప్పటికీ, అక్కడి నుంచి హైదరాబాద్‌కు అతి చిన్న దారి మొదలయ్యేది దక్షిణానికి కాదు, ఆగ్నేయానికి కూడా కాదు, దాదాపు నేరుగా తూర్పుకు. దక్షిణానికి వంపు తిరగడం తర్వాతి దశలో, దారిలోనే జరుగుతుంది.

శంషాబాద్ నుంచి లెక్క ప్రకారం ఈ గీతను అనుసరిస్తూ పోతే అది మహారాష్ట్ర, గుజరాత్ – రాజస్థాన్ సరిహద్దు ప్రాంతాలు దాటి పాకిస్తాన్‌లోని సింధ్, బలూచిస్తాన్ మీదుగా అఫ్ఘానిస్తాన్ నైరుతి కొసను తాకి, ఇరాన్‌లోని ఖొరాసాన్ మీదుగా కాస్పియన్ సముద్రం మీదికి చేరుతుంది. ప్రయాణంలో సరిగ్గా సగం దూరం పూర్తయ్యేది ఈ సముద్రం మీదనే. అక్కడి నుంచి అజర్‌బైజాన్, జార్జియా దాటి, రష్యాకు చెందిన సోచి పరిసరాల మీదుగా నల్లసముద్రాన్ని ఒరుసుకుంటూ, క్రిమియా ద్వీపకల్పపు తూర్పు కొసన ఉన్న కెర్చ్ దగ్గర మళ్ళీ నేల మీదికి వచ్చి, ఉక్రెయిన్ దక్షిణాన ఖేర్సన్ నగరం పక్క నుంచి మధ్య ఐరోపాలోకి, అక్కడి నుంచి జర్మనీలోకి ప్రవేశిస్తుంది. ఈ ఊళ్ళ పేర్లు ఇటీవలి సంవత్సరాల్లో వార్తాపత్రికల మొదటి పేజీలో చదివినవారికి, ఈ అతి చిన్న దారిలో నేడు విమానం ఎగరలేదని వేరే చెప్పనక్కరలేదు.

2014 జులై 17న తూర్పు ఉక్రెయిన్ మీదుగా వెళ్తున్న మలేషియా ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి క్షిపణి దెబ్బకు కూలి 298 మంది మరణించిన తర్వాత, ఎగురుతున్న విమానానికి కింద జరిగే యుద్ధంతో సంబంధం లేదన్న పాత నమ్మకం చెదిరిపోయింది. 2022 ఫిబ్రవరి 24న రష్యా దండయాత్ర మొదలైన నాటి నుంచి ఉక్రెయిన్ గగనతలం పౌర విమానాలకు మూతపడి ఉంది; ఆ వెనువెంటనే ఐరోపా సమాఖ్య దేశాలూ రష్యా పరస్పరం ఆకాశాన్ని మూసుకున్నాయి. హైదరాబాద్ – ఫ్రాంక్‌ఫర్ట్ దారికి మాత్రం ఈ మూసివేతల వల్ల కలిగిన నష్టం చిన్నదే. కాస్పియన్ దాటాక ఉత్తరానికి పోకుండా తుర్కియే ఈశాన్య ప్రాంతం, నల్లసముద్రపు దక్షిణ భాగం, రుమేనియా మీదుగా మళ్ళించుకుంటే దూరం వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది, అంటే ఏడెనిమిది నిమిషాలు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి టోక్యోకు ఎగిరే విమానాలు రష్యా ఆకాశం కోల్పోయి గంటల తరబడి అదనంగా తిరుగుతున్నాయన్న విషయంతో పోల్చుకుంటే, తెలుగువారి దారి ఈ యుద్ధం వల్ల పెద్దగా దెబ్బతినలేదనే చెప్పాలి.

దెబ్బ తగిలేది ఇటువైపు, అంటే దారి మొదటి సగంలో. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ వశమయ్యాక అఫ్ఘానిస్తాన్ మీద విమానాలకు మార్గనిర్దేశం చేసే యంత్రాంగం కుప్పకూలి, చాలా సంస్థలు ఆ దేశాన్ని తప్పించుకుని తిరిగాయి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానయాన సంస్థలకు మూసివేసింది. ఆ నిషేధం ఐరోపా సంస్థలకు వర్తించకపోయినా, మే నెలలో రెండు దేశాల మధ్య ఉద్రిక్తత పెరిగినప్పుడు వాటిలో కొన్ని తమంతట తామే ఆ దేశాన్ని చుట్టుతిరిగి వెళ్ళాయి. అదే సంవత్సరం జూన్ 13న ఇజ్రాయెల్ దాడులు మొదలైనప్పుడు ఇరాన్ ఆకాశం కూడా మూతపడింది. పాకిస్తాన్, ఇరాన్ రెండూ ఏకకాలంలో అందుబాటులో లేని రోజున విమానం అరేబియా సముద్రం దాటి ఒమన్, సౌదీ అరేబియా, ఈజిప్టు మీదుగా మధ్యధరా సముద్రం చేరి గ్రీసు వైపు నుంచి జర్మనీలోకి రావలసి వస్తుంది. మస్కట్, రియాద్, కైరో, ఏథెన్స్ నగరాలను కలుపుతూ గీత గీసి కొలిస్తే దూరం 7,900 కిలోమీటర్లు దాటుతుంది. అంటే 800 కిలోమీటర్లకు పైగా అదనం, కాలంలో దాదాపు ఒక గంట. రెండు విమానాశ్రయాలూ ఉన్న చోటనే ఉన్నాయి, వాటి మధ్య ఉన్న భూమి మారలేదు, అయినా ప్రయాణికుడికి హైడెల్‌బర్గ్ ఒక గంట దూరం జరుగుతుంది.

ఇక గాలి సంగతి. సుదూర ప్రయాణాలు చేసే జెట్ విమానాలు పది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, ధ్వని వేగంలో 85 శాతం వరకు వేగంతో ఎగురుతాయి. ఆ ఎత్తులో ఉండే చలికి ధ్వని వేగం కూడా తగ్గుతుంది కనుక విమాన వేగం గంటకు 900 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అయితే ఇది విమానం చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగమే గాని నేలతో పోల్చిన వేగం కాదు. ఆ గాలి తానే పడమటి నుంచి తూర్పుకు ఉరుకుతూ ఉంటే తూర్పుకు వచ్చే విమానాన్ని అది ముందుకు తోస్తుంది, పడమటికి పోయే విమానాన్ని వెనక్కు లాగుతుంది. ఉన్నత వాతావరణంలో నదిలా ఒక పాయగా ప్రవహించే ఈ బలమైన గాలులను జెట్ స్ట్రీమ్‌లు అంటారు. జపాన్‌లో వసాబురో ఓయిషి అనే శాస్త్రవేత్త 1920ల్లో బెలూన్లు వదిలి వీటిని కొలిచి, ప్రపంచమంతా చదువుతుందన్న ఆశతో ఎస్పెరాంతో భాషలో ప్రకటించాడు. ఆ భాష చదివేవారు బహు కొద్దిమంది కావడంతో ఆ పరిశోధన చాలాకాలం మరుగున పడి ఉంది. శీతకాలంలో ఉత్తర భారతం మీదుగా, హిమాలయాలకు దక్షిణంగా ఇలాంటి పడమటి గాలి ప్రవాహం ఒకటి గంటకు 150 కిలోమీటర్లు దాటిన వేగంతో సాగుతుంది, దాని పడమటి భాగం పాకిస్తాన్, ఇరాన్ మీదుగా పోతుంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు పోయే విమానం మొదటి కొన్ని గంటలు దీనికి ఎదురొడ్డవలసిందే.

వర్షాకాలంలో ఈ ప్రవాహం హిమాలయాలు దాటి ఉత్తరానికి తొలగిపోతుంది. అప్పుడు దక్షిణ భారతం మీద, ఇంకా ఎక్కువ ఎత్తున, తూర్పు నుంచి పడమటికి వీచే మరొక జెట్ స్ట్రీమ్ ఏర్పడుతుంది. దీని స్వరూపాన్ని 1950ల్లో లోకానికి వివరించినది తెలుగు వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం, తర్వాతి కాలంలో భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయినవారు. రుతుపవనాల అధ్యయనంలో ఈనాటికీ ఆయన పేరు తలవని పాఠ్యగ్రంథం అరుదు, తెలుగునాట మాత్రం ఆ పేరు తెలిసినవారు తక్కువ కావడం బాధాకరం. ఆయన వివరించిన గాలి పద్నాలుగు కిలోమీటర్ల ఎత్తుకు పైన బలంగా ఉంటుంది కాబట్టి ప్రయాణికుల విమానానికి దాని సాయం పెద్దగా అందదు. అయినా పడమటి ఎదురుగాలి ఉత్తరానికి తొలగిపోవడం వల్ల వానకాలంలో దారి మొదటి భాగం శీతకాలంలోకంటే తేలిక పడుతుంది.

గాలి పోగొట్టిన కాలాన్ని తిరుగు ప్రయాణంలో అదే గాలి పూర్తిగా ఇచ్చేస్తుందనుకోవడం సహజం, కాని లెక్క అలా కుదరదు. సులువు కోసం దూరాన్ని 7,200 కిలోమీటర్లు, విమాన వేగాన్ని గంటకు 900 కిలోమీటర్లు అనుకుంటే గాలి లేనప్పుడు పోవడానికి 8 గంటలు, రావడానికి 8 గంటలు, మొత్తం 16. గంటకు 100 కిలోమీటర్ల పడమటి గాలి దారి పొడవునా వీస్తే పోయేటప్పుడు నేల మీది వేగం 800కు పడిపోయి 9 గంటలు పడుతుంది. వచ్చేటప్పుడు వేగం 1,000కి పెరిగి 7 గంటల 12 నిమిషాలు పడుతుంది. మొత్తం 16 గంటల 12 నిమిషాలు. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది, వెనుకగాలిలో తక్కువసేపు ఉంటుంది కాబట్టి నష్టమే ఎప్పుడూ పైచేయి అవుతుంది. అందుకే విమాన మార్గాన్ని ప్రతి పూటా వాతావరణ సమాచారం చూసి కొత్తగా నిర్ణయిస్తారు. దూరం కాస్త పెరిగినా గాలి పోటు తక్కువగా ఉన్న దారి కాలంలో దగ్గరవుతుంది. టికెట్ మీద కనిపించే ప్రయాణకాలం విమానం గేటు విడిచిన క్షణం నుంచి గమ్యంలో గేటు చేరే క్షణం వరకు లెక్కించినది. రన్‌వే దాకా నేల మీద నడిచే సమయం, పైకి ఎక్కి కిందికి దిగేటప్పుడు తగ్గే వేగం, దిగడానికి వంతు కోసం గాలిలో తిరిగే నిమిషాలు కూడా అందులో కలిసి ఉంటాయి. ఇవన్నీ కలుపుకుంటే హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు తొమ్మిది గంటల పైచిలుకు, అటు నుంచి ఇటుకు ఎనిమిది గంటల పైచిలుకు పడుతుంది.

గడియారాలు ఈ కాలాన్ని మరో విధంగా చూపిస్తాయి. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం కాకినాడ సమీపంగా పోతుంది. జర్మనీ సమయానికి ఆధారమైన 15 డిగ్రీల రేఖాంశం ఆ దేశపు తూర్పు సరిహద్దులోని గోర్‌లిట్జ్ మీదుగా పోతుంది. శీతకాలంలో రెండు దేశాల గడియారాలకూ తేడా నాలుగున్నర గంటలు. మార్చి చివరి ఆదివారం జర్మనీ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి అక్టోబరు చివరి ఆదివారం దాకా తేడా మూడున్నర గంటలే. భారతదేశం గడియారాలను ఎప్పుడూ జరపదు కనుక, ఏడాదికి రెండుసార్లు ఇక్కడి తల్లిదండ్రులకు అక్కడి పిల్లలు ఫోను చేసే వేళ మారిపోతుంది. సూర్యుడి లెక్కన చూస్తే హైదరాబాద్‌కూ హైడెల్‌బర్గ్‌కూ మధ్య సుమారు 70 డిగ్రీల రేఖాంశపు తేడా ఉంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి అసలు తేడా 4 గంటల 39 నిమిషాలు. చలికాలపు గడియారం సూర్యుడికి దగ్గరగా ఉంటుందన్నమాట.

ఈ రెండు గడియారాల మధ్య విమానం ఏ వేళకు బయలుదేరాలన్నదాన్ని నిర్ణయించే శక్తుల్లో బలమైనది ఫ్రాంక్‌ఫర్ట్‌లోని రాత్రి నిషేధం. చుట్టుపక్కల ఊళ్ళ ప్రజలు విమానాల మోతతో నిద్ర లేకుండా అవస్థ పడుతున్నామని ఏళ్ళ తరబడి పోరాడిన ఫలితంగా, 2011 అక్టోబరులో కొత్త రన్‌వే తెరిచిన సమయంలోనే రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా షెడ్యూలు విమానాలు ఎక్కడం, దిగడం ఆపేశారు. 2012 ఏప్రిల్‌లో లైప్‌జిగ్‌లోని ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది. హైదరాబాద్‌లో సాయంత్రం ఏడింటికి విమానం ఎక్కితే ఫ్రాంక్‌ఫర్ట్ చేరేది అక్కడి అర్ధరాత్రి, తలుపులు మూసి ఉండే వేళ. అర్ధరాత్రి దాటాక బయలుదేరితే తెల్లవారుజామునో పొద్దుటి పూటో దిగి, ఐరోపాలోని ఇతర నగరాలకు పోయే ఉదయపు విమానాలను అందుకోవచ్చు. శంషాబాద్ విమానాశ్రయంలో రాత్రి ఒంటిగంటకు కనిపించే జనసమ్మర్దానికి ఇక్కడి ఎండలో, ఇక్కడి ట్రాఫిక్‌లో వెతికితే దొరకని కారణాల్లో ఇది ఒకటి. ఒకరి నిద్రను కాపాడిన చట్టం వేల మైళ్ళ అవతల మరొకరి నిద్రను చెడగొడుతుంది. అయినా ఆ ఊళ్ళ ప్రజల పోరాటం న్యాయమైనదే.

డిసెంబరు చివరి వారంలో చేసే ఇలాంటి ప్రయాణంలో రాత్రి ఎంత పొడుగో లెక్క కట్టవచ్చు. హైదరాబాద్‌లో సాయంత్రం 5.45 ప్రాంతంలో పొద్దుగూకుతుంది. రాత్రి రెండు గంటలకు బయలుదేరిన విమానం తొమ్మిదిన్నర గంటలు ఎగిరి దిగేసరికి భారత కాలమానం ప్రకారం ఉదయం 11.30, జర్మనీలో ఉదయం 7 గంటలు. బయట ఇంకా చీకటే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆ రోజుల్లో సూర్యోదయం 8.20 ప్రాంతంలో, అంటే హైదరాబాద్‌లో మధ్యాహ్నం 12.50కి. ఆ ప్రయాణికుడికి రాత్రి పంతొమ్మిది గంటలు సాగినట్టు. శరీరంలోని జీవగడియారం రోజును సాగదీయడానికి కొంత సులువుగా ఒప్పుకుంటుంది, కుదించడానికి మొరాయిస్తుంది. అందువల్ల చాలామందికి జర్మనీ వెళ్ళినప్పటి కంటే అక్కడి నుంచి తిరిగి వచ్చాక నిద్ర కుదుటపడటానికి ఎక్కువ రోజులు పడుతుంది.

ఇంతవరకు చెప్పుకున్నదంతా నేరు విమానం గురించి. ఆ సదుపాయం తెలుగువారికి ఎల్లకాలం ఉన్నది కాదు. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్న తొలి గంటలోనే దిగిన విమానాల్లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన లుఫ్తాన్సా విమానం ఉంది. కొన్నేళ్ళకు ఆ సేవ నిలిచిపోయి, 2024 జనవరిలో మళ్ళీ మొదలైంది. మధ్య కాలంలో వెళ్ళినవారు దుబాయ్, దోహా, అబుదాబి లాంటి గల్ఫ్ నగరాల్లోనో, ఢిల్లీ, ముంబయిల్లోనో విమానం మారేవారు, నేటికీ టికెట్ ధర చూసుకుని చాలామంది అలాగే మారుతున్నారు. ఇక్కడ దూరానికీ కాలానికీ ఉన్న సంబంధం పూర్తిగా తెగిపోతుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 4,840, మొత్తం 7,390. చిత్రంగా, ఢిల్లీలో మారి వెళ్ళినా, 1,270కి 6,120 కలిపి, మొత్తం అంతే వస్తుంది. ఒకటి పడమటి గడప, మరొకటి ఉత్తరపు గడప, రెండింటి లెక్కా ఒకటే. నేరు దారితో పోలిస్తే పెరిగిన దూరం 280 కిలోమీటర్లు, వందకు నాలుగు వంతులు మాత్రమే. ఎగరడంలో ఇది ఇరవై నిమిషాల పని. కాని విమానం మారేటప్పుడు రెండోసారి దిగడం, భద్రతా తనిఖీ, రెండో విమానం కోసం ఎదురుచూడటం, మళ్ళీ ఎక్కడం కలిసి తొమ్మిదిన్నర గంటల ప్రయాణం పదమూడు, పద్నాలుగు గంటలకు, వేళలు కలవకపోతే ఇరవై గంటలకు కూడా చేరుతుంది. పోయిన కాలమంతా నేల మీద పోయినదే.

మనవడిని చూడటానికో కూతురి కాన్పు కోసమో ఒంటరిగా మొదటిసారి విమానమెక్కే పెద్దవాళ్ళ విషయంలో ఈ తేడాను గంటల్లో కొలవడం సరిపోదు. పేరు తెలియని ఊళ్ళో, చదవలేని భాషల్లో రాసిన బోర్డుల మధ్య, గేటు నంబరు వెతుక్కుంటూ ఒక టెర్మినల్ నుంచి మరో టెర్మినల్‌కు నడవడం వారికి ఆ తొమ్మిది గంటల కంటే పెద్ద దూరం. పిల్లలు పదివేల రూపాయలు ఎక్కువైనా వారికి నేరు విమానం టికెట్టే కొనడం దుబారా కాదు. దారిలో మారక తప్పకపోతే, పారిస్, మ్యూనిక్, జ్యూరిక్ లాంటి చోట్ల కంటే గల్ఫ్‌లో మారడమే వారికి సులువని గుర్తుంచుకోవాలి. జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సహా షెంగెన్ ఒప్పందంలోని దేశాలన్నిటికీ ప్రవేశ తనిఖీ ప్రయాణికుడు అడుగుపెట్టే మొదటి విమానాశ్రయంలోనే జరుగుతుంది; కాబట్టి పారిస్‌లో మారేవారు ఫ్రాంక్‌ఫర్ట్ విమానం అందుకునే లోపే ఆ వరుసలో నిలబడి అధికారి ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. 2025 అక్టోబరు నుంచి వేలిముద్రలు, ఫొటో నమోదు చేసే కొత్త పద్ధతి అంచెలంచెలుగా అమల్లోకి వచ్చినందున ఆ వరుసకు కాస్త ఎక్కువ సమయం అట్టిపెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు గడప నుంచి గడపకు లెక్క. వరంగల్ నుంచి హైడెల్‌బర్గ్‌కు బయలుదేరిన ఒక కుటుంబాన్ని ఊహించుకుంటే, రాత్రి రెండు గంటల విమానానికి ఇంటి దగ్గర రాత్రి ఎనిమిదింటికైనా కారెక్కాలి. 160 కిలోమీటర్ల దూరం దాటి, ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని శంషాబాద్ చేరేసరికి పదకొండున్నర. విమానం దిగాక ప్రవేశ తనిఖీకి, సామాను తీసుకోవడానికి గంటన్నర. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం ఈ విషయంలో మెచ్చుకోదగ్గది: 1999లో తెరిచిన దూరప్రయాణపు రైల్వే స్టేషను విమానాశ్రయానికి ఆనుకునే ఉంది. సామాను బండి తోసుకుంటూ కప్పు కింద నుంచే ప్లాట్‌ఫారం చేరుకుని ఐసీఈ అనే వేగవంతమైన రైలెక్కితే అరగంట పైచిలుకులో మన్‌హైమ్ వస్తుంది; అక్కడ లోకల్ రైలుకు మారితే పావుగంట, ఇరవై నిమిషాల్లో హైడెల్‌బర్గ్. మారే సమయం కలుపుకున్నా మొత్తం గంటా గంటంబావు. ఏ5 రహదారి మీద కారు కూడా గంట లోపే చేరుస్తుంది, ఆఫీసు వేళల్లో మాత్రం దాన్ని నమ్ముకోలేం. మన్‌హైమ్‌లో చిన్న విమానాశ్రయం ఒకటున్నా అక్కడి విమానాలు బెర్లిన్, హాంబర్గ్ లాంటి దేశీయ గమ్యాలకే పరిమితం, భారతదేశం నుంచి వచ్చేవారికి దానితో పని పడదు. ఆ విధంగా ఇంట్లో అడుగుపెట్టేసరికి అక్కడ ఉదయం పది, వరంగల్‌లో మధ్యాహ్నం రెండున్నర. గడిచినవి పద్దెనిమిదిన్నర గంటలు. అందులో విమానం కదిలిన కాలం దాదాపు సగం. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఎగిరే యంత్రం ఎక్కినా, మొత్తం 7,350 కిలోమీటర్ల ప్రయాణానికి సగటు వేగం గంటకు 400 కిలోమీటర్లే పడింది.

ఈ సగటును పెంచే మార్గం విమానాన్ని ఇంకా వేగంగా నడపడంలో లేదు. ధ్వని కంటే వేగంగా ఎగిరిన కాంకార్డ్ విమానాలు కూడా ఖర్చు తాళలేక 2003లో సేవ ముగించాయి. ఆ మార్గం ఇటువైపు నేల మీద ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం దిగినవారికి మన్‌హైమ్, కొలోన్, స్టుట్‌గార్ట్ రైళ్ళు టెర్మినల్ పక్కనే దొరుకుతుండగా, వరంగల్, కరీంనగర్, విజయవాడల నుంచి శంషాబాద్‌కు వచ్చేవారు ఇంకా రోడ్డునే నమ్ముకోవలసి వస్తోంది. మహావృత్తపు లెక్కలో 64 డిగ్రీలను తగ్గించడం ఎవరి వల్లా కాదు. వరంగల్ నుంచి శంషాబాద్ టెర్మినల్ దాకా నేరుగా ఒక రైలు నడిస్తే మాత్రం, ఎడమ చేత్తో గడియారం చూసుకుంటూ కుడి చేత్తో డ్రైవర్‌కు ఫోను చేసే ఆ మూడున్నర గంటల్లో ఒకటిన్నర గంట హాయిగా మిగులుతుంది.